షడ్జం ఎక్కడుంది బాబూ

ఆషాఢంలో ముహూర్తాలుండవు. విజయనగరంలో కల్యాణ మండపాలకి తాళాలు పడతాయి. బ్యాండు మేళం వాళ్లు ఇంటిపట్టున కూర్చుని వాయిద్యాలు విప్పి తోముకుంటూ ఉంటారు. మొన్నటి ఆషాఢంలో అలా ఖాళీగా పడున్న ఒక మండపంలో మేం నలుగురం మూడు ఆదివారాలు కూర్చున్నాం. పాల్ హిండెమిత్ అనే జర్మన్ స్వరకర్త నాలుగు ఫ్రెంచ్ హార్న్‌ల కోసం 1952లో ఒక సొనాటా (వాయిద్యాల కోసమే భాగాలుగా రాసే రచన) రాశాడు. అది వాయించాలని. మొత్తం వాయించలేదు. మొదటి భాగంలో సగం, మూడో భాగానికి ఆధారమైన పాత పాట వరస, అంతే. అయినా నేవీ బ్యాండులో పదిహేనేళ్లు చేసి తెలుసుకోని సంగతి ఒకటి ఆ మూడు ఆదివారాల్లో తెలిసింది. మరిచిపోకముందే రాసి పెట్టుకుంటున్నాను.

ఫ్రెంచ్ హార్న్‌ని దగ్గర నుంచి చూసినవాళ్లు మా వైపు తక్కువ. పన్నెండడుగుల గొట్టాన్ని చుట్టలు చుట్టి ఒడిలో పట్టేలా చేసినట్టుంటుంది. ఒక కొసన చిన్న గరాటులాంటి మౌత్‌పీస్. రెండో కొసన అన్నం పళ్లెం అంత నోరు. ఆ నోరు వినేవాళ్ల వైపు ఉండదు, వాయించేవాడి వెనక్కి తిరిగి ఉంటుంది. కుడిచెయ్యి ఎప్పుడూ ఆ నోట్లోనే ఉండాలి. ఎడమచేత్తో వాల్వులు, అంటే గాలి దారి మార్చే మీటలు, నొక్కాలి. ట్రంపెట్ వాడు జనం మొహాల మీదకే ఊదుతాడు. హార్న్ శబ్దం మాత్రం వెనక గోడకి తగిలి తిరిగొస్తుంది. అందుకే దాని గొంతు ఎక్కడో కొండ అవతల నుంచి పిలిచినట్టుంటుంది.

కొండ అవతల అని ఊరికే అనలేదు. గరివిడి దగ్గర మా ఊళ్లో అమ్మవారి జాతరకి మా పెదనాన్న కొమ్ము ఊదేవాడు. వంకర తిరిగిన ఇత్తడి కొమ్ము. వాల్వుల్లేవు, రంధ్రాల్లేవు. పెదాల బిగువుతోనే స, ప, పై స పలికించేవాడు. ఊపిరి నిలిస్తే ఆ పైన గ కూడా. ఘటాలు ఊరి పొలిమేర దాటి వస్తున్నాయంటే ముందు ఆ మూడు స్వరాలు వినపడేవి. హార్న్ చేతికొచ్చిన మొదటి వారంలోనే నాకు తెలిసిపోయింది, ఇది పెదనాన్న కొమ్మే అని. పొడుగు పెంచి చుట్ట చుట్టారు. యూరప్‌లో కూడా మొదట అది వేటగాళ్ల కొమ్మే. 1810ల్లో జర్మనీలో వాల్వులు కనిపెట్టాకే దానికి పన్నెండు స్వరస్థానాలూ సులువుగా అందాయి. అంతకు ముందు హార్న్ నోట్లో చెయ్యి మూసి, తెరిచి మధ్య స్వరాలు తెచ్చుకునేవాళ్లు. లిగెటి అనే హంగేరియన్ స్వరకర్త 1990ల చివర్లో, ఇన్ని వాల్వులు వచ్చేశాక కూడా, ఒక రచనలో సోలో హార్న్ పక్కన వాల్వుల్లేని నాలుగు హార్న్‌లు కూర్చోబెట్టాడు. కీబోర్డు మీద దొరకని ఆ సహజ స్వరాల కోసమే. అది మొదటిసారి విన్నప్పుడు నాకు జాతర గుర్తొచ్చింది. థింసా ఆటలో జోడుకొమ్ములు విన్నవాళ్లకి కూడా అలాగే అనిపిస్తుందని నా నమ్మకం.

నాన్న ఊళ్లో బ్యాండు మేళంలో క్లారినెట్. నేను నేవీలో మ్యుజీషియన్‌గా చేరాను. శిక్షణ ముంబై కొలాబాలో, ఐఎన్ఎస్ కుంజలిలో ఉన్న నేవీ సంగీత పాఠశాలలో. నాన్న వాయిద్యమే కావాలని అడిగాను. మాస్టారు నా పెదాలు చూసి, పళ్ల వరస చూసి, హార్న్ ఇచ్చారు. తర్వాత విశాఖపట్నం వచ్చాను. మార్చింగ్ ట్యూన్లలో హార్న్‌కి దక్కేది ఆఫ్ బీట్లే. ‘ఉమ్‌-పా, ఉమ్‌-పా’లో ‘ఉమ్’ బేస్ వాళ్లది, ‘పా’ మాది. డిసెంబరు 4 నేవీ డే అంటే మా ఇంట్లో అందరూ టీవీ ముందు కూర్చునేవారు. ఒకసారి అమ్మ అడిగింది, ‘నీ వాయింపు ఏదిరా, ఎక్కడా తెలీలేదు’ అని. నిజమే, తెలీదు. తీసేస్తే మాత్రం తెలుస్తుంది. పైగా నేను ఫోర్త్ హార్న్. నాలుగు హార్న్‌లుంటే ఒకటి, మూడు పై స్వరాలకి, రెండు, నాలుగు కింది స్వరాలకి కూర్చోవడం ఆనవాయితీ. నేను చివరివాడిని, అందరికన్నా కిందివాడిని.

అందుకే హిండెమిత్ సొనాటా మొదటిసారి విన్నప్పుడు నేను లేచి నిలబడిపోయాను. ఇందులో ఆఫ్ బీట్లు వాయించే పని ఎవరిదీ కాదు. ట్రంపెట్లు లేవు, క్లారినెట్లు లేవు, డ్రమ్ము లేదు. నాలుగు హార్న్‌లు, అంతే. మొదటి భాగం ఫుగాటో, చాలా నెమ్మదిగా నడుస్తుంది. ఫుగాటో అంటే ఎలా చెప్పాలి? పెళ్లి పందిట్లో ఒక పెద్దావిడ పాట ఎత్తుకుంటుంది. అటువైపు కూర్చున్న ఆవిడ అదే పాటని తన గొంతుకి తగ్గ శ్రుతిలో మొదలెడుతుంది. మొదటావిడ ఆపదు, ముందుకి వెళ్లిపోతుంది. మూడో ఆవిడ, నాలుగో ఆవిడ. పందిట్లో అయితే అది గలభా. ఇక్కడ ప్రతి అడుగూ లెక్క చూసుకుని వేసిందే. నాలుగో హార్న్‌కి కూడా అదే పాట వస్తుంది, అంతే మర్యాదతో వస్తుంది. రెండో భాగం హుషారుగా పరుగు. మూడోది పదహారో శతాబ్దపు ఒక జర్మన్ వేట పాట మీద అల్లిన వరసలు. ఈ దుఃఖపు లోయలోకి నా కొమ్ము ఊదుతున్నాను, నా సంతోషం మాయమైపోయింది అని ఆ పాట మొదలవుతుంది. వేటగాడికి దొరకకుండా పోయిన మృగం నిజానికి వాడు ప్రేమించిన మనిషి. ఆ పాట అర్థం తెలిశాక దాన్ని నాలుగు కొమ్ములకే ఎందుకిచ్చాడో ఇంకెవరూ చెప్పక్కర్లేకపోయింది.

హిండెమిత్ గురించి కాస్త చెప్పాలి. 1895లో పుట్టాడు. స్వయంగా వయోలా విద్వాంసుడు. నాజీలు 1936లో ఆయన సంగీతాన్ని వాయించకూడదన్నారు. 1938లో దేశం వదిలి స్విట్జర్లాండ్ వెళ్లాడు, 1940లో అమెరికా చేరి యేల్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పాడు. ఆర్కెస్ట్రాలో ఎవరూ పట్టించుకోని వాయిద్యాల మీద ఆయనకి ప్రత్యేకమైన శ్రద్ధ. ఇంగ్లిష్ హార్న్, ట్రాంబోన్, చివరికి ట్యూబా, ఒక్కోదానికీ కూర్చుని ఒక్కో సొనాటా రాశాడు. 1943లో ఆల్టో హార్న్‌కి రాశాడు. ఆల్టో హార్న్ అంటే ఊరి బ్యాండుల్లో మోగే వాయిద్యం. దానికి ఒక పెద్దమనిషి సొనాటా రాశాడని తెలిస్తే మా నాన్న ఏమనేవాడో. చెప్పడానికి నాన్న లేడు.

నాలుగు హార్న్‌లకి రాసినవి ఇంకా ఉన్నాయి. టిప్పెట్ అనే ఇంగ్లిష్ స్వరకర్త 1955లో రాసింది గొప్ప రచన. ఆ రోజుల్లో హార్న్‌కి మారుపేరైన డెనిస్ బ్రెయిన్ బృందం కోసం రాశాడు. అందులో మొదటి హార్న్ ఎక్కే ఎత్తులు మా ఎవరి పెదాలకీ అందవు. ఆ బ్రెయిన్ 1957లో, 36 ఏళ్లకే, కారు ప్రమాదంలో పోయాడు. హిండెమిత్ తన హార్న్ కన్సర్టో (ఆర్కెస్ట్రా తోడుగా ఒక్క వాయిద్యం ముందు నడిచే రచన) రాసింది కూడా ఆయన కోసమే.

సర్వీసు అయ్యాక ఊరొచ్చి బ్యాంకులో చేరాను. సెకండ్ హ్యాండ్ హార్న్ ఒకటి కొనుక్కున్నాను. సొనాటా పార్టులు, అంటే ఒక్కొక్కరు వాయించాల్సింది విడివిడిగా అచ్చువేసిన కాగితాలు, ముంబైలో ఉన్నప్పుడే కొని పెట్టుకున్నవి, అట్టలు చివికిపోయాయి. మనుషులు దొరక్క మొదట నేనొక్కడినే నాలుగు పార్టులూ ఒకదాని తర్వాత ఒకటి ఫోన్లో రికార్డు చేసి, కలిపి విన్నాను. దాసన్నపేటలో మా డాబా మీద, రాత్రి పది దాటాక. నాలుగూ తప్పు లేకుండా వచ్చాయి. అయినా నలుగురు మనుషులు లేరు, ఒక మనిషి నాలుగుసార్లున్నాడు. ఎక్కడ ఊపిరి పీల్చాలన్నా నాలుగు హార్న్‌లూ ఒకే చోట పీలుస్తున్నాయి. దాన్ని ఎవరికీ వినిపించలేదు.

తర్వాత నేవీలో నాకు సీనియర్, బొబ్బిలి అన్న, రిటైరై వచ్చాడని తెలిసింది. ఆర్మీ బ్యాండులో చేసొచ్చిన ఒక తమ్ముడు శ్రీకాకుళంలో ఉన్నాడు. ఇద్దరికీ హార్న్‌లున్నాయి. నాలుగోవాడు దొరకలేదు. అప్పుడు నాకు నాన్న మేళంలో యుఫోనియం (చిన్న ట్యూబాలాంటి ఇత్తడి వాయిద్యం) వాయించిన మావయ్య గుర్తొచ్చాడు. చుట్టరికం లేదు, నాన్న కలిసి పనిచేసిన మనిషి, పుట్టినప్పటి నుంచి మావయ్యే. నెల్లిమర్లలో ఉంటాడు, డెబ్బై దాటాయి, ఇప్పటికీ సీజన్లో రాత్రికి రెండు ఊరేగింపులు వాయిస్తాడు. యుఫోనియం గొంతు హార్న్‌కి దూరం కాదు, కింది స్వరాలు ఇంకా నిండుగా పలుకుతుంది. నా ఫోర్త్ పార్టు ఆయనకిచ్చి నేను థర్డ్‌లో కూర్చుందామనుకున్నాను. పదిహేనేళ్లలో ఎప్పుడూ కూర్చోని కుర్చీ అది.

మావయ్యకి స్టాఫ్ నొటేషన్, అంటే గీతల మీద చుక్కలతో రాసే పాశ్చాత్య పద్ధతి, రాదు. వాళ్ల నాన్న సన్నాయి, ఆయన దగ్గర గీతాలు, వర్ణాలు దాకా నేర్చుకున్నాడు కాబట్టి స్వరాలొచ్చు. నాలుగు రోజులు కూర్చుని ఆ పార్టంతా తెలుగులో స్వరాలుగా రాశాను. ఫ్రెంచ్ హార్న్ సహజమైన శ్రుతి ఎఫ్, అంటే మన నాలుగు శ్రుతి. దాన్ని స, అంటే మిగతా స్వరాలకి ఆధారమైన షడ్జం, అనుకుని, అక్కడి నుంచి శుద్ధ రిషభం, చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం అంటూ లెక్క కట్టి, పక్కన ఒకటి, రెండు, మూడు అంకెలు వేసుకుంటూ రాసిన పుస్తకం ఆయన చేతిలో పెట్టాను.

మొదటి ఆదివారం. మండపం వాచ్‌మన్ తలుపు తీశాడు. ఫ్యాన్లు వేస్తే శబ్దం వణుకుతుంది, తీసేస్తే చెమటకి మౌత్‌పీస్ జారుతుంది. తీసేశాం. కుర్చీలు వేదిక గోడకి మూడడుగులు ఎడంగా వేసుకున్నాం, హార్న్ నోళ్లు గోడ వైపుండేలా. మావయ్య పుస్తకం తెరిచి, నోటితో ఒక పేజీ పాడుకుని, కళ్లజోడు తీసి నావైపు చూశాడు.

‘ఏటి బాబూ ఇది? ఒక్క వరసలో రెండు గాంధారాలు, రెండు మధ్యమాలు రాసేసినావు. ఇందుల షడ్జం ఎక్కడుంది?’

షడ్జం లేదు మావయ్యా, ఎఫ్‌ని స అనుకుని లెక్కకోసం రాశాను, ఇందులో రాగమూ ఉండదు, స కూడా ఉండదు, స్వరాన్ని చూసి స్వరం వాయించేయడమే అన్నాను. నేవీలో మేం చేసింది అదే కదా. గీత మీద చుక్క చూడడం, వాల్వు నొక్కడం.

‘రాట పాతకుండా పందిరెలాగేత్తారు? నీకు తెలీకపోతే తెలీదని సెప్పు. రాసినోడికి తెలీకుండా ఉంతాదేటి?’

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు వాయింపు సాగలేదు. అందరం సరిగ్గానే వాయిస్తున్నాం, కలిసినచోట మాత్రం పులిసినట్టుంది. శ్రీకాకుళం తమ్ముడు ఫోన్లో ట్యూనర్ యాప్ పెట్టి ప్రతి స్వరానికీ పచ్చగీత వచ్చేదాకా సరిచూశాడు. పచ్చగీతలన్నీ వచ్చాయి. పులుపు పోలేదు.

వారమంతా నాకు అదే మాట. రాసినోడికి తెలీకుండా ఉంటుందా? హిండెమిత్ సంగీత రచన మీద 1937లో ఒక సిద్ధాంత గ్రంథం వేశాడు. కుంజలిలో ఉన్నప్పుడు దాని గురించి మాస్టారు రెండు క్లాసులు చెప్పారు. అప్పుడు రాసుకున్న నోట్సు అటక మీద నుంచి దించాను. అందులో ఉంది, మావయ్య అడిగిందే. స్వరాల మధ్య ఆకర్షణ భూమ్యాకర్షణ లాంటిదంటాడు ఆయన. తప్పించుకుందామన్నా తప్పించుకోలేం. పన్నెండు స్వరాలూ వాడొచ్చు, కానీ ఏ రెండు కలిసి మోగినా వాటిలో ఒకటి పెద్దది, బరువంతా దాని మీదే ఉంటుంది. పంచమం దూరంలో ఉన్న రెండు స్వరాల్లో కిందిది పెద్దది. మధ్యమం దూరంలో ఉన్నవాటిలో పైది పెద్దది. మన భాషలో చెబితే, కింద స, పైన ప మోగితే బరువు కింద ఉంటుంది. కింద ప, పైన తార షడ్జం మోగితే బరువు పైకి పోతుంది. రెండుసార్లూ పెద్దది షడ్జమే. తంబురా తీగలు వింటూ పెరిగినవాడికి ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. దీనికి ఆయన ఆధారం కూడా గాలిలోనే చూపించాడు. రెండు స్వరాలు గట్టిగా, శుద్ధంగా కలిసి మోగితే వాటి కంపనాల తేడాతో మూడో స్వరం ఒకటి చెవికి వినపడుతుంది. ఎవరూ వాయించని స్వరం.

అది నేను ఒకసారి విన్నాను. కుంజలిలో, చిన్న ప్రాక్టీసు గదిలో, మాస్టారు ఇద్దరిచేత రెండు స్వరాలు పట్టించి వినమన్నారు. కింద ఎక్కడో తుమ్మెద రొదలా ఒకటి మొదలైంది. పరీక్షకి పనికొచ్చే విషయంగా రాసుకుని వదిలేశాను.

రెండో ఆదివారం ముందు అదే చేద్దామన్నాను. బొబ్బిలి అన్నని ఎఫ్ పట్టమన్నాను, తమ్ముడిని దాని పైన ఏ. అంటే స, అంతర గాంధారం. తమ్ముడు యాప్ చూసి సెకనుకి 440 కంపనాల దగ్గర పచ్చగీత తెచ్చుకున్నాడు. ఏమీ వినపడలేదు, గరగరమన్న శబ్దం తప్ప. మావయ్య చెయ్యెత్తాడు.

‘గాంధారం ఎక్కువుంది. ఆ ఫోను కట్టేసీ. తంబురా మీటినాక పైన సన్నంగా ఒకటి పలుకుతాది సూడు, ఆ గాంధారం తే. కొంచెం. ఇంకొంచెం దించు.’

తమ్ముడు హార్న్ నోట్లో ఉన్న చెయ్యి ఒక పిసరు మూశాడు. స్వరం జారుతూ జారుతూ ఒకచోట నిలిచింది. నిలిచిన ఆ క్షణంలో మండపం నేల కింద నుంచి లేచినట్టు, ఒక మంద్ర స్వరం వచ్చింది. నా చేతి రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

మావయ్య చుట్టూ చూశాడు. ‘ఎవుడ్రా కింద ఊదతన్నాడు?’

ఎవరూ ఊదట్లేదు మావయ్యా అన్నాను. ఆయన నమ్మలేదు. నా ఒళ్లో హార్న్ వైపు చూశాడు. తర్వాత యుఫోనియం ఎత్తుకుని, ఒకటి, మూడు వాల్వులు నొక్కి, మెల్లగా ఆ స్వరంలోకే దిగాడు. సరిగ్గా అదే. ఎఫ్, రెండు స్థాయిలు కింద. పెదాల నుంచి తీసి, ‘ఇదే షడ్జం. ఉంది కదా, నేదన్నావు’ అన్నాడు.

లెక్క రాస్తాను, నాకు దాని అందం అందులోనే కనపడుతుంది. ఆ ఎఫ్ సెకనుకి 349 కంపనాలు. దాని మీద శుద్ధమైన అంతర గాంధారం, నాలుగుకి అయిదు లెక్కన, 436న్నర. తేడా 87. అది రెండు స్థాయిలు కింద ఉన్న ఎఫ్, అచ్చంగా. యాప్ చూపించిన 440తో వాయిస్తే తేడా 91. అప్పుడు పుట్టేది షడ్జానికీ శుద్ధ రిషభానికీ మధ్య ఎక్కడా చెందని స్వరం. మా గరగర అదే. యాప్ తప్పు చెప్పలేదు, అది కీబోర్డు గాంధారం చెప్పింది. పన్నెండు స్థానాలూ సమానంగా పంచిన కీబోర్డులో గాంధారం ఎప్పుడూ ఒక పిసరు ఎక్కువే ఉంటుంది. నాలుగు హార్న్‌ల పక్కన పియానో లేకపోవడం ఎంత అదృష్టమో అప్పుడు తెలిసింది. ఎవరికీ కట్టుబడక్కర్లేదు, ఒకరికొకరు తప్ప. పెదనాన్న కొమ్ములో సహజంగా పలికే గ కూడా ఈ గాంధారమే.

ఆ తర్వాత మేం పార్టులు చూసే పద్ధతి మారిపోయింది. ఎక్కడైనా నలుగురం కలిసి ఆగితే, ఇక్కడ బరువు ఎవరి దగ్గరుంది అని ముందు అడుగుతాం. ఆ స్వరం ఎవరిదైతే వాళ్లు నిబ్బరంగా నిలబడాలి, మిగతావాళ్లు తగ్గి దాని చుట్టూ సర్దుకోవాలి. తర్వాతి అడుగులో బరువు ఇంకొకరికి పోతుంది. ఒకసారి మొదటి హార్న్‌కి, ఒకసారి నాకు, చాలాసార్లు మావయ్యకి. ఊరేగింపులో పల్లకీ భుజం మార్చుకుంటున్నట్టు. పదిహేనేళ్లు కింది స్వరాలు పట్టుకుని కూర్చున్నవాడిని, నేను మోస్తున్నది ఏమిటో ఎవరూ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇంకొక్క మాట. మన ఊళ్లో 1919లో విజయరామ గజపతి సంగీత పాఠశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసు గారిని ప్రిన్సిపాల్‌ని చేసినప్పుడు, వయొలిన్ చెప్పడానికి వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి ఇరవయ్యయిదారేళ్లు. వయొలిన్ కూడా పరాయి దేశం నుంచి వచ్చిందే. దాని మీద ఆయన పలికించింది వినే మావయ్య లాంటివాళ్లకి స్వరం అంటే ఇలా ఉండాలని చెవి ఏర్పడింది. ఆ చెవి లేకపోతే ఆ ఆదివారం మా గాంధారం దిగేది కాదు. ఫ్రెంచ్ హార్న్‌లో కర్ణాటక సంగీతం వాయించాలని నాకు లేదు. హిండెమిత్‌ని హిండెమిత్‌లాగే వాయించాలి. కానీ దాన్ని సరిగ్గా వాయించడానికి కావలసిన చెవి నెల్లిమర్లలో దొరికింది.

మూడో ఆదివారం వర్షం. రేకుల షెడ్డు మీద చప్పుడుకి సగంసేపు ఆగాం. వర్షం తగ్గాక వేట పాట వరస ఒక్కసారి, మొదటి నుంచి చివరిదాకా, ఆగకుండా వాయించాం. పాట అర్థం నేను ముందే చెప్పాను. బొబ్బిలి అన్న పై స్వరం ఎత్తుకోగానే మావయ్య కళ్లు మూసుకున్నాడు. అయిపోయాక ఎవరం మాట్లాడలేదు. తలుపు దగ్గర వాచ్‌మన్ నిలబడి ఉన్నాడు. ‘ఎవురి పాట బాబూ, సావు పాటా?’ అని అడిగాడు. వేట పాట అన్నాను. ‘ఆ, అదీ అలాగే ఉంతాది’ అని లోపలికెళ్లి టీ తెచ్చాడు.

ఆ సాయంత్రం మావయ్య పుస్తకం ఇంటికి పట్టుకెళ్తానన్నాడు. నాలుగు రోజుల తర్వాత మనవడి ఫోను నుంచి పేజీల ఫొటోలు పంపాడు. నేను రాసిన స్వరాల పైన పెన్సిల్‌తో, షడ్జం మారినచోటల్లా చిన్న గీత, దాని పక్కన కొత్త షడ్జం ఏదో. ఇక్కడ పంచమం షడ్జమైపోయింది. ఇక్కడ సాధారణ గాంధారం షడ్జం. అలా మూడు పేజీలు. నాలుగు పార్టులూ కలిసి ఉన్న నా పూర్తి స్కోరు ముందు పెట్టుకుని ఒక్కొక్కటీ హిండెమిత్ చెప్పిన లెక్కతో సరిచూశాను. రెండుచోట్ల నాకు, ఆయనకి తేడా వచ్చింది. హార్న్ తీసి వాయించి చూశాను. రెండుచోట్లా మావయ్య రాసిందే సరి.

ఒక్కచోట మాత్రం ఆయన ఏమీ రాయలేదు. ప్రశ్న గుర్తు పెట్టి వదిలేశాడు. అక్కడ నా స్వరానికీ ఆయన స్వరానికీ మధ్య దూరం షడ్జం నుంచి ప్రతి మధ్యమానికి ఉన్నంత. అన్ని జంటలకీ ఏది పెద్దదో చెప్పిన హిండెమిత్, ఆ ఒక్క జంటకి మాత్రం పెద్ద లేదంటాడు. అది ఎటూ నిలవదు, పక్కకి జరిగి ఇంకోదానిలో కలిస్తేనే దానికి అర్థం వస్తుంది.

ఫోన్ చేసి చెప్పాను. ‘అవునా, ఆయన కూడా అలాగే అన్నాడా’ అని కాసేపు ఊరుకున్నాడు. శ్రావణం మొదలైపోయింది, ఆయనకి వరసగా పదకొండు ముహూర్తాలున్నాయి, మూఢం వచ్చాక చూద్దామన్నాడు. ఈలోగా రెండో భాగం కూడా స్వరాల్లో రాసి ఉంచమన్నాడు. పరుగు భాగం కదా, ఈసారి అక్షరాలు పెద్దవిగా రాయమన్నాడు. నిన్న రాత్రి మొదలెట్టాను, ఒకటిన్నర పేజీ అయింది.